సేద్యపు యంత్రము – న్యాయమైన కిరాయి

(ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామముల పంచాయతీ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీ ముందు ప్రస్తావింపదలచిన విషయము చూచుటకు చిన్నది. ఒక ట్రాక్టరు ఒక గంట దున్నినచో ఎంత కిరాయి తీసికొనవలెను? ఈ ప్రశ్నకు ప్రతి గ్రామములోను ఒక జవాబు సిద్ధముగా నున్నది: "పక్క ఊరిలో ఎంతయో మన ఊరిలోను అంతే." వినుటకు ఈ జవాబు సులభము; కాని దీని వెనుక లెక్క లేదు. పక్క ఊరివారి నడిగినచో వారును మన ఊరివైపే వేలు చూపుదురు. ఎవరును లెక్క వేయని ధరను అందరును పాటించుచున్నారు.

ఆ ధర తక్కువైనచో యంత్రము గలవాడు నష్టపోవును. అతడు గూడెములో మొదటిసారిగా అప్పు చేసి ట్రాక్టరు కొన్న యువకుడు కావచ్చును; పొదుపు సొమ్ముతో అద్దె కేంద్రము పెట్టుకొన్న మహిళా సంఘము కావచ్చును. ఆ ధర ఎక్కువైనచో రెండెకరముల పోడు పట్టా గల రైతు విత్తనము వేయకముందే అప్పులో దిగును. రెండు విధముల నష్టము ఊరిదే. ఏజెన్సీ ప్రాంతములో గిరిజనుల భూమి అన్యాక్రాంతము కాకుండ 1959 నాటి ఒకటవ నిబంధన, దానికి 1970లో జరిగిన సవరణ కాపాడుచున్నవి. అప్పుపై కొన్న ట్రాక్టరును కాపాడుటకు అట్టి నిబంధన యేదియు లేదు. దానిని కాపాడగలది సరియైన లెక్క యొక్కటే.

మన ప్రాంతపు తీరు

ఈ సరిహద్దు ప్రాంతము పాలనలో పలుమార్లు చేతులు మారినది. భద్రాచలము, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాలో చేరినవి. 2014లో రాష్ట్ర విభజన వేళ గోదావరికి ఇరు ప్రక్కల గల కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. భద్రాచలము దాటి ఎటపాక చేరినచో అది వేరు రాష్ట్రము. చర్ల, దుమ్ముగూడెం మండలముల ఆవల ఛత్తీస్‌గఢ్ కలదు. రాష్ట్రము మారిన చోట పన్ను మారును, పన్నుతోపాటు డీజిలు ధరయు మారును. కావున సరిహద్దు కావలి ఊరి కిరాయి మనకు కొలబద్ద కాజాలదు.

భూములును ఒక్క తీరు కావు. గోదావరి ఒడ్డున మిరప, ప్రత్తి పండు నల్లరేగడులు గలవు. తాలిపేరు, కిన్నెరసాని ప్రాజెక్టుల క్రింద వరి మాగాణి గలదు. అడవి అంచున ఎర్రచెలకలు, రాళ్లు, ఇంకను వేళ్లు విడువని చెట్ల మోళ్లు గల పోడు చేలు గలవు. ఒకే ట్రాక్టరు ఈ మూడు నేలలలో ఒకే గంటలో ఒకే పని చేయలేదు. గుంటలలో చెప్పినను సెంట్లలో చెప్పినను ఎకరము ఎకరమే. కాని ఒక ఎకరమునకు పట్టు శ్రమ మరియొక ఎకరమునకు పట్టు శ్రమతో సమానము కాదు.

అరక చెప్పిన పాఠము

మన పెద్దలకు ఈ లెక్క తెలియనిది కాదు. అరక కూలి నిర్ణయించునప్పుడు వారు దున్నిన పూట మాత్రమే చూడలేదు. ఎద్దు పనిలేని నాడును మేయును. దానికి కొట్టము కావలెను. పది పన్నెండేండ్లకు అది ముసలిదై మరియొక ఎద్దును కొనవలసి వచ్చును. ఈ మూడును కలిపియే వారు కూలి ఏర్పరచిరి. ట్రాక్టరు విషయములో మనము ఈ తెలివిని మరచితిమి. పనిలేని నాడు ఎద్దు గడ్డి మేయును. ట్రాక్టరు వడ్డీ మేయును. ఎద్దు మేత కంటికి కనబడును, ట్రాక్టరు మేత కనబడదు. భేదము ఇంతమాత్రమే.

మన పంచాయతీలకు ఇది స్వానుభవములోని విషయమే. పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణలో 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలు చెత్త సేకరణకును, మొక్కలకు నీరు పోయుటకును ట్రాక్టర్లు సమకూర్చుకొన్నవి. ఆ ట్రాక్టరు కదలిన రోజున డీజిలు ఖర్చగును. కదలని రోజునను వాయిదా, బీమా, డ్రైవరు జీతము ఆగవు. పంచాయతీ పద్దులలో మీరు చూచిన ఆ రెండు విధముల ఖర్చే ప్రతి కిరాయి ట్రాక్టరుకును కలదు. మొదటిదానిని నడుపు ఖర్చు అనియు, రెండవదానిని నిలుపు ఖర్చు అనియు చెప్పుకొందము. పారిశుద్ధ్యమునకై కొన్న పంచాయతీ ట్రాక్టరును ఎవరి చేలోనో దున్నుటకు పంపుట తగదనియు ఈ సందర్భమున మనవి చేయుచున్నాను.

నిలుపు ఖర్చు

యంత్రపు ఖర్చు లెక్కించు పద్ధతిని భారత ప్రమాణముల సంస్థ 1979లోనే ఐ.ఎస్. 9164 అను ప్రమాణముగా ప్రచురించినది. ఆ దారినే పోయి, ఊరిలో అందరికి అర్థమగునట్లు ఒక ఉదాహరణ వేసి చూతము. ఇందలి అంకెలు లెక్క సులభముగా నుండుటకై తీసికొన్నవి. మీ యంత్రము ధర, మీ బ్యాంకు వడ్డీ, మీ బంకులోని డీజిలు ధర వేసికొని మీ అంకెలు మీరు రాబట్టుకొనవలెను.

ట్రాక్టరు, గొర్రు, రోటావేటరు కలిసి 9,00,000 రూపాయలనుకొందము. పదేండ్లు పనిచేసిన తరువాత పదవ వంతు, అనగా 90,000 రూపాయలు విలువ మిగులుననుకొందము. తక్కిన 8,10,000 రూపాయలు పదేండ్లలో అరిగిపోవును. ఏటికి తరుగుదల 81,000 రూపాయలు.

రెండవది వడ్డీ. యంత్రపు విలువ మొదట 9,00,000, చివర 90,000, సగటున 4,95,000. దీనిపై నూటికి 10 వంతున ఏటికి 49,500 రూపాయలు. సొంత సొమ్ముతో కొన్నవాడును ఈ పద్దు వేసికొనవలెను. ఆ సొమ్ము వేరొక చోట నుండినచో ఎంతో కొంత తెచ్చెడిదే కదా!

మూడవది బీమా, రిజిస్ట్రేషను, ఎండవానలకు తడవకుండ వేసిన కొట్టము. వీటికి ఏటికి 19,500 రూపాయలు.

మూడును కలిపి నిలుపు ఖర్చు ఏటికి 1,50,000 రూపాయలు. ఇది ట్రాక్టరు ఒక్క సాలు దున్నకపోయినను తప్పనిది.

ఇచ్చట ముఖ్యమైన మాట యొకటి. ఈ లక్షన్నరను ఎన్ని గంటలపై పంచెదమన్నదే కిరాయికి మూలము. ఏటికి 1,000 గంటలు పనియున్నచో గంటకు 150 రూపాయలు పడును. 500 గంటలే యున్నచో 300 రూపాయలు. 300 గంటలే యున్నచో 500 రూపాయలు. యంత్రము అదే, ధర అదే; పని తగ్గినకొలది గంట భారము పెరుగును. ప్రమాణ పుస్తకములలో ట్రాక్టరుకు ఏటికి 1,000 గంటలు వేయుట వాడుక. తొలకరికి ముందు కొన్ని వారములు, నాట్ల వేళ కొన్ని వారములు, యాసంగి దుక్కికి కొన్ని దినములు తప్ప పని దొరకని మన అడవి అంచు గ్రామములో ఆ అంకెను కన్నులు మూసికొని తీసికొనరాదు. ఎవరి గంటలు వారు తమ పుస్తకము చూచి వేసికొనవలెను.

వరదలు వచ్చు ఏడులను గూడ మరువరాదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పొంగినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురు. అట్టి యేటిలో ఒడ్డు గ్రామముల యంత్రములు పనిమీదనుండి మెరకమీదకు పోవలసినదే. మంచి యేటి గంటలను మాత్రమే నమ్ముకొని ధర కట్టినవాడు చెడ్డ యేట వాయిదా కట్టలేడు. కనుక రెండు మూడేండ్ల సగటు తీసికొనుట మేలు.

నడుపు ఖర్చు

ఇక యంత్రము కదలినప్పుడు అగు ఖర్చు. మొదటిది డీజిలు. దీనిని ఊహించి చెప్పుట ఎందుకు? కొలిచి తెలిసికొనవచ్చును. సమతలమైన చోట ట్రాక్టరు నిలిపి టాంకు అంచుదాక నింపుడు. చేలోకి పోయి మూడు నాలుగు గంటలు పని చేయుడు. తిరిగి వచ్చి అదే చోట, అదే తీరున నిలిపి మరల అంచుదాక నింపుడు. పోసిన లీటర్లను గంటలతో భాగించిన వచ్చునదే మీ యంత్రపు డీజిలు. ఈ కొలతను నల్లరేగడిలో నొకసారి, చెలకలో నొకసారి, దమ్ములో నొకసారి చేయవలెను. మూడు అంకెలు మూడు విధములుగా వచ్చును.

మన ఉదాహరణలో గంటకు 5 లీటర్లు, లీటరు 100 రూపాయల వంతున 500 రూపాయలు అనుకొందము. ఆయిలు, గ్రీజు, ఫిల్టర్లు 50 రూపాయలు. మరమ్మతులు, టైర్లు 100 రూపాయలు. డ్రైవరుకు దినమునకు 600 రూపాయలు, ఆరు గంటల పని. గంటకు 100 రూపాయలు. మొత్తము నడుపు ఖర్చు గంటకు 750 రూపాయలు. సొంత ట్రాక్టరును తానే నడుపువాడును డ్రైవరు కూలిని వదలివేయరాదు. అతని చెమట ఊరకే రాలిపోవునది కాదు.

మరమ్మతుల పద్దు విషయములో పలువురు పొరబడుదురు. క్రొత్త యంత్రమునకు మొదటి రెండేండ్లు పెద్ద మరమ్మతు రాదు. ఆ కాలమున మిగిలినదంతయు లాభమే యని తోచును. పిమ్మట టైర్లు, క్లచ్చు, పంపు, బేరింగులు ఒకదాని వెంట నొకటి వచ్చును. కనుక గంటకు 100 రూపాయలు మొదటి దినము నుండియే వేరొక ఖాతాలో వేయవలెను. మోళ్లు తీయని చేలలో గొర్రు చెక్కలు వంగును, రోటావేటరు బ్లేడ్లు విరుగును. దమ్ములో నీరు, బురద ఇరుసులోనికి పోయి సీళ్లను చెరచును. ఇట్టి పనులకు మరమ్మతు పద్దు హెచ్చుగా వేసి వేరు ధర చెప్పుటయే న్యాయము.

దారిలో పోవు గంటలు

ఇప్పుడు ఏటికి 500 గంటలు ఇంజను నడుచు ట్రాక్టరును తీసికొందము. నిలుపు ఖర్చు 1,50,000. నడుపు ఖర్చు 500 గంటలకు 3,75,000. మొత్తము 5,25,000 రూపాయలు. గంటకు 1,050 రూపాయలు. ఈ ధరకే కిరాయి చెప్పవచ్చునా? చెప్పరాదు. ఏలయన, ఇంజను నడచిన ప్రతి గంటకును రైతు డబ్బు చెల్లించడు. ఒక గూడెము నుండి మరియొక గూడెమునకు పోవు దారి, వాగు దిగి ఎక్కు దారి, పనిముట్లు విప్పి బిగించు సమయము, ఇవన్నియు యంత్రము గలవాని నెత్తినే పడును.

ఐదు గంటలలో నొక గంట ఇట్లు పోవుననుకొందము. 500 గంటలలో కిరాయి వచ్చునవి 400 గంటలే. 5,25,000 రూపాయలను 400తో భాగించినచో 1,312 రూపాయలు దాటును. దారిలో డీజిలు కొంత తక్కువ పట్టవచ్చును గాని లెక్క తీరు మారదు. దీనిపై కష్టకాలమునకును, యజమాని పూనికకును నూటికి 10 వంతున చేర్చినచో సుమారు 1,450 రూపాయలు. మన ఉదాహరణలోని యంత్రమునకు న్యాయమైన కిరాయి ఇది.

ఇప్పుడు "పక్క ఊరి ధర" 1,000 రూపాయలని విని అదే తీసికొన్నవాని గతి చూడుడు. 400 గంటలకు 4,00,000 రూపాయలు చేతికి వచ్చినది. డీజిలుకు, డ్రైవరుకు 500 గంటలకు 3,00,000 పోయినది. జేబులో లక్ష రూపాయలు కనబడుచున్నవి. ఆ లక్షతో ఇంటికి రేకులు వేయించును, పెండ్లి చేయును. నిజమునకు ఆయిలు, మరమ్మతుల పద్దు 75,000. నిలుపు ఖర్చు 1,50,000. లక్ష మిగిలెనని అతడనుకొన్న యేడు 1,25,000 రూపాయల నష్టము జరిగినది. ఆ నష్టము వెంటనే కనబడదు. టైర్లు మార్చవలసిన నాడు, వాయిదా తప్పిన నాడు, ఫైనాన్సు వారు గుమ్మములో నిలుచున్న నాడు కనబడును. ఊరివారు "దురలవాటు చేత చెడినాడు" అందురు. చెడినది ధర చేత.

గంట ధరయా, ఎకరము ధరయా?

గంట లెక్కను ఇచ్చినచో డ్రైవరు మెల్లగా నడిపినాడని రైతు సందేహించును. ఎకరము లెక్కను తీసికొన్నచో మోళ్ల చేనిలో తనకు చేటు వచ్చెనని యంత్రము గలవాడు వగచును. రెండు పక్షముల మాటలోను నిజము కలదు. గంట ధరలో ఆలస్యపు భారము రైతుది. ఎకరపు ధరలో నేల భారము యంత్రము గలవానిది.

చేను చదునై, పొడవైన సాళ్లు గలదై, ఎకరము 50 నిమిషములలో ముగిసినచో 1,450 వంతున ఎకరమునకు 1,208 రూపాయలగును. అదే ఎకరము చిన్న చిన్న మడులుగా విడిపోయి, మలుపులు ఎక్కువై, ఒక గంట 20 నిమిషములు పట్టినచో 1,933 రూపాయలగును. ఈ రెండు చేలకు ఒకే ఎకరపు ధర పెట్టినచో చదును చేనివాడు మోళ్ల చేనివాని ఖర్చు భరించును. లేదా ట్రాక్టరువారు మోళ్ల చేను గల పేద రైతు పిలిచినను రాకుందురు. అడవి అంచున జరుగుచున్నది తరచుగా ఈ రెండవదే. కనుక చదును నేలలకు ఎకరపు ధరయు, మోళ్లు, రాళ్లు, మడులు గల నేలలకు గంట ధరయు పెట్టుట ఉభయులకు మేలు. మోళ్లు తీసి, గట్లు సవరించి యిచ్చిన రైతుకు మరుసటి యేడు ఖర్చు తగ్గును. ఆ ఆశయే మోళ్లు తీయించును.

గంటలు లెక్కించుటలోను ఒక చిక్కు కలదు. పలు ట్రాక్టర్లలోని గంటల మీటరు ఇంజను వేగమును బట్టి తిరుగును. వేగము తక్కువైనప్పుడు గడియారములో గంట గడచినను మీటరులో గంట నిండకపోవచ్చును. "గడియారపు గంటయా, మీటరు గంటయా" అని పని మొదలుపెట్టకముందే గట్టుమీద తేల్చుకొనవలెను. ఏది ఒప్పుకొన్నను ఆరంభపు అంకెను, ముగింపు అంకెను ఇరువురు చూచి పుస్తకములో వ్రాసికొన్నచో తగవు పుట్టదు.

పనిలేని కాలపు ధర

"నాట్లు ముగిసినవి, ట్రాక్టరు ఊరకే యున్నది, తక్కువకు దున్నవచ్చునా?" అని కొందరడుగుదురు. దున్నవచ్చును, ఒక హద్దు వరకు. నిలుపు ఖర్చు ఎట్లును తప్పదు గనుక, నడుపు ఖర్చు దాటి వచ్చిన ప్రతి రూపాయియు దానికి కొంత తోడ్పడును. మన ఉదాహరణలో నడుపు ఖర్చు 750; దారి గంటలను కలిపినచో కిరాయి గంటకు సుమారు 940 రూపాయలు. దీని పైన ఎంత వచ్చినను మేలే. దీనికి దిగువ దున్నుట డీజిలు పోసి ఇనుము అరగదీయుటయే. ఇది పనిలేని కాలమునకు చెల్లిన ధరయే గాని ఏడాది పొడుగునకు చెల్లదు. పోటీపడి అందరును తొలకరిలోనే ఈ ధరకు దిగినచో కొంతకాలమునకు ఊరిలో ఒక్క యంత్రమును మిగలదు. అప్పుడు బయటివారు చెప్పినదే ధర యగును.

యంత్రము కొనకముందే వేయవలసిన లెక్కయు ఇందే కలదు. గంటకు 1,450 రూపాయలు తీసికొన్నచో, దారితో కలిపి నడుపు ఖర్చు 937 రూపాయల 50 పైసలు పోను 512 రూపాయల 50 పైసలు మిగులును. లక్షన్నర నిలుపు ఖర్చు తీరుటకు 293 కిరాయి గంటలు కావలెను. గంటకు ఒక ఎకరము, చేనికి రెండు సాళ్లు దున్నుట అనుకొన్నచో, ఏటికి దాదాపు 150 ఎకరముల దుక్కి దొరికిన గాని ఆ ట్రాక్టరు తన కాళ్లమీద తాను నిలువలేదు. ఊరిలో 300 ఎకరములే యుండి నాలుగు ట్రాక్టర్లున్నచో ఏమగునో మీరే చెప్పగలరు.

వరికోత యంత్రమునకు ఈ లెక్క మరింత కఠినమైనది. ధర ఎక్కువ, పని దినములు తక్కువ. దూరప్రాంతముల నుండి వచ్చు కోత యంత్రములు పంట పక్వమైన కొలది ఒక జిల్లా నుండి మరియొక జిల్లాకు పోవుచు గంటలు కూడబెట్టుకొనును. ఊరు దాటని యంత్రమునకు ఆ వెసులుబాటు లేదు. వారి ధరను చూచి మన ధర కట్టుట, పరుగెత్తువానిని చూచి కూర్చున్నవాడు ఆకలి లెక్క వేసికొనినట్లు.

రాయితీ, అరువు

2014–15 నుండి కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ క్రింద అద్దె కేంద్రములకు రాయితీ ఇచ్చు ఏర్పాటు కలిగినది. రాయితీపై వచ్చిన యంత్రము చవుకగా వచ్చినది గనుక కిరాయియు చవుకగా నుండవలెనని రైతులు కోరుట సహజము. వడ్డీ పద్దులో ఆ కోరిక న్యాయమే. చేతినుండి పెట్టని సొమ్ముకు వడ్డీ అక్కరలేదు. తరుగుదలను మాత్రము పూర్తి ధరపైననే వేయవలెను. పదేండ్ల తరువాత రెండవ యంత్రమునకు మరల రాయితీ వచ్చునని ఎవరును హామీ ఇయ్యలేరు. తరుగుదల సొమ్ము వేరుగా పెట్టుకొనని కేంద్రములో చివరకు మిగులునది తుప్పుపట్టిన ఇనుము, పాత బోర్డు.

అరువు సంగతి మరియొకటి. మన ప్రాంతములో తొలకరిలో దున్నిన కిరాయి ప్రత్తి తీసిన తరువాతనో, మిరపకాయ ఖమ్మం మార్కెట్టుకు పోయిన తరువాతనో చేతికి వచ్చును. ఆరు నెలలు ఆగిన 1,450 రూపాయలకు నూటికి నెలకు ఒక రూపాయి వంతున 87 రూపాయలు వడ్డీ. యంత్రము గలవాడు డీజిలును నగదుకే కొనుచున్నాడు గనుక ఈ భారము లేదనలేము. దానిని దాచి ధరలో కలుపుటకంటె "నగదు ధర ఇంత, పంట మీద ధర ఇంత" అని బహిరంగముగా చెప్పుట మేలు. దుక్కి అరువు పేర పంటను ఫలానావారికే అమ్మవలెనను కట్టుబాటు పెట్టుట మాత్రము అన్యాయము. 1996 నాటి పీసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనులకు అప్పులిచ్చు వ్యవహారముపై గ్రామసభకు, పంచాయతీకి అదుపు ఉండవలెనని నిర్దేశించినది. ఆ అదుపును వినియోగింపవలసినవారు మీరే.

పంచాయతీ చేయదగిన పని

పంచాయతీయే కిరాయి ధర నిర్ణయించి తీర్మానము చేయవలెనని నేను చెప్పుట లేదు. బలవంతపు ధరకు యంత్రము పనికి రాదు, పక్క ఊరికి పోవును. పంచాయతీ చేయదగినది లెక్కను వెలుగులోనికి తెచ్చుట, వృథాను తగ్గించుట.

మొదటిది: వేసవిలో, గూడెములలో భూమి పండుగ జరుగు రోజులకు ముందుగా, యంత్రములు గలవారిని, రైతులను ఒకచోట కూర్చుండబెట్టుడు. నేను చెప్పిన పద్దులు ఒక్కొక్కటిగా నల్లబల్లపై వేయుడు. చెలక దుక్కి, రేగడి దుక్కి, దమ్ము, మోళ్ల చేను, ఈ నాలుగింటికి ఖర్చు అంకెలు తేల్చి పంచాయతీ కార్యాలయములో బోర్డుమీద వ్రాయుడు. డీజిలు ధర మారినప్పుడు ఏ పద్దు ఎంత మారునో అందరికిని అప్పుడే తెలియును. లీటరుకు 2 రూపాయలు పెరిగినచో 5 లీటర్ల గంటకు 10 రూపాయలు, దారితో కలిపి 12 రూపాయల 50 పైసలు. అంతకు మించి పెంచినవారిని కారణమడుగు హక్కు రైతుకు వచ్చును.

రెండవది: వరుస ఏర్పరచుడు. నేడొక గూడెము, రేపు వాగు ఆవలి గూడెము, ఎల్లుండి మరల మొదటి గూడెము అని తిరుగుటయే గంటలను మ్రింగుచున్నది. ఒక గూడెములోని చేలన్నియు ఒకే ప్రయాణములో ముగియునట్లు వార్డు సభ్యులు పేర్లు వ్రాసి ఇచ్చినచో, దారిలో పోవు గంటలు ఐదింట ఒకటి నుండి పదింట ఒకటికి తగ్గవచ్చును. అప్పుడు 500 గంటలలో 450 గంటలకు కిరాయి వచ్చును. ఖర్చు గంటకు 1,312 నుండి 1,167 రూపాయలకు దిగును. గంటకు 145 రూపాయలు ఎవరి జేబు కత్తిరింపకయే మిగిలినవి. దానిని రైతు, యంత్రము గలవాడు పంచుకొనవచ్చును. ఈ వరుసలో బలవంతుని చేను ముందు, వితంతువు చేను వెనుక అను మాట రానీయకుడు. పదును దాటినచో చవుక కిరాయియు రైతుకు నష్టమే.

మూడవది: ఇనుప చక్రములు, అనగా కేజ్ వీల్సు బిగించిన ట్రాక్టర్లను తారు రోడ్డు, సిమెంటు రోడ్డు ఎక్కనీయకుడు. వాటిని విప్పి బిగించుటకు పట్టు సమయమును దమ్ము కిరాయిలో చేర్చుకొనుట న్యాయము. ఆ సమయమును మిగుల్చుకొనుటకు ఊరి రోడ్డును దున్నుట న్యాయము కాదు. అటులనే ట్రాలీలో కూలీలను కుక్కి తీసికొనిపోవుట, చీకటివేళ అడవిలోనికి కలపకై పోవుట మానిపింపుడు. కలప తోలుచు పట్టుబడిన బండిని అటవీ చట్టము క్రింద జప్తు చేయవచ్చును. ఒక్క రాత్రి ఆశకు పదేండ్ల బ్రతుకుతెరువు పోవును.

నాలుగవది: ప్రతి యంత్రమునకు ఒక పుస్తకము పెట్టించుడు. తేది, రైతు పేరు, ఆరంభపు అంకె, ముగింపు అంకె, పోసిన డీజిలు, వచ్చిన సొమ్ము, రావలసిన సొమ్ము. ఈ ఏడు గళ్లు చాలును. మహిళా సంఘములు పొదుపు పుస్తకములు ఏండ్లకొలది చక్కగా వ్రాయుచున్నవి. ట్రాక్టరు పుస్తకము వారికి కష్టము కాదు. చదువురాని యజమానికి బడి చదువు చదివిన బిడ్డ వ్రాసిపెట్టును. ఏటి చివర ఆ పుస్తకము బ్యాంకు వారికి చూపినచో, వట్టి మాటకు లేని విలువ ఆ అంకెలకు కలుగును.

సోదరీ సోదరులారా! ఊరిలోని యంత్రము ఊరివారికి అందుబాటులో నుండవలెనన్నచో దాని ఖర్చు దానికి రావలెను. రైతు బ్రతుకవలెనన్నచో ఖర్చుకు మించిన భారము అతనిపై పడరాదు. ఈ రెండింటి నడుమ గల గీత బేరములో దొరకదు, లెక్కలో దొరకును. రాబోవు గ్రామసభలో మీ ఊరి ట్రాక్టర్లు ఎన్ని, దున్నవలసిన ఎకరములు ఎన్ని, దారిలో పోవు గంటలు ఎన్ని అను మూడు ప్రశ్నలు అడుగుడు. జవాబులను బోర్డుమీద వ్రాయించుడు. తొలకరి చినుకు పడకముందే ఆ బోర్డు సిద్ధముగా నుండవలెనని మిమ్ము కోరుచున్నాను.